మునీంద్ర ఇంట్లో సముద్రం

మా బేతమంగళకు సముద్రం ఎంత దూరమని ఎవరైనా అడిగితే మద్రాసు వైపు వేలు చూపించే పని లేదు. బస్టాండు నుంచి మూడో వీధి, మునీంద్ర ఇల్లు. తెచ్చింది మునీంద్రేనని ఊరంతా అంటుంది గానీ, మోసింది నేను. అద్దాల తొట్టిని వ్యాను నుంచి దించినప్పుడు సగం బరువు నా భుజం మీదే ఉంది. మిగతా సగాన్ని ఎనిమిదిమంది పంచుకుని ఆయాసపడ్డారు. వాళ్ళనడిగితే ఇంకోలా చెబుతారు, నమ్మకండి.

మునీంద్ర మా మేనమామ ఓబలప్ప కొడుకు. తొమ్మిదో తరగతి ఇద్దరం కలిసే తప్పాం. నేను అంతటితో బడికి విశ్రాంతినిచ్చాను. అతను రైలెక్కి బెంగళూరు పోయి, చేపల తొట్లు అమ్మే అంగట్లో చేరాడు. అద్దం కోయడం, అంచులకు జిగురు పట్టించడం, గొప్పవాళ్ళ ఇళ్ళలో తొట్లు నిలబెట్టి కడగడం. మీసం సరిగా రానప్పుడు మొదలైన పని, మీసం నెరిసినా మారలేదు. రోజూ రైల్లో పోయి, ఎవరింటి సముద్రాన్నో శుభ్రం చేసి, రాత్రికి ఉప్పు వాసనతో మా ఊరు చేరేవాడు.

ఒకసారి ఒక బంగళాలో పగడం జబ్బుపడితే, ఇంటివాళ్ళు దాన్ని చెత్తలో వేయమన్నారు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేరు. ఇది ప్రాణమున్నది. రాయిని పట్టుకుని, మెత్తటి పచ్చని వేళ్ళు చాచి నీళ్ళలో ఊగుతుంటుంది. ఆ జబ్బు పగడంలో గోరంత ముక్క ఇంకా బతికుంది. మునీంద్ర టిఫిన్ డబ్బాలో సాంబారు పారబోసి, ఉప్పునీళ్ళు పోసి, ఆ ముక్కను రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇంట్లో చిన్న తొట్టిలో ఏళ్ళ తరబడి సాకాడు. పాప అని పిలిచేవాడు. పాప రెండు అరచేతులంత అయ్యాక చిన్న తొట్టి చాల్లేదు. పెద్ద తొట్టి కట్టింది దాని కోసమే.

మంచం కంటే పొడుగు తొట్టి. పగడాలుండే ఇలాంటి దాన్ని రీఫ్ అంటారట. బరువుకు గచ్చు కుంగకుండా నేల తవ్వి కాంక్రీటు పోశారు. మా బోరు నీళ్ళు పగడాలకు పనికిరావని, ఫిల్టరు నీళ్ళు డ్రమ్ములకు పట్టి, సముద్రపు ఉప్పు పొడి కలిపి, మోటారుతో తిప్పి నింపారు. ఇసుక, రాళ్ళు పేర్చాక కూడా పాపను దించలేదు. నీళ్ళు పక్వానికి రావాలట. వారాల తరబడి ఖాళీ నీళ్ళకు కాపలా కాశాడు.

"నేను కాపురానికి వచ్చేటప్పుడు ఇంత కాచుకోనుండినావా?" అంది అతని భార్య రత్న.

"నువ్వు ఉప్పునీళ్ళలో బతకవు కదే, తొందరగా తెచ్చుకునేస్తిని," అన్నాడు మునీంద్ర.

"నేను పనిజేసింది చాంపియన్ రీఫ్ బంగారు గనిలో. నాకే రీఫ్ చూపిస్తాడు వీడు," అని అరుగు మీద నుంచి మామ గొణిగాడు.

చివరికి ఒక శుక్రవారం, తొట్టి బయటే కర్పూరం వెలిగించి, పాపను లోపలికి దించాం. రెండు చేపలు, ఒక ఎర్రచారల రొయ్య, కొన్ని నత్తలు తోడు వెళ్ళాయి. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. బేతమంగళ చెరువు చేపలు కూడా బయల్దేరేవే, బస్సు దొరకలేదంతే.

ఆ మరుసటి వారం రొయ్య వెల్లకిలా పడి చచ్చింది. నత్తలు అద్దం మీద నుంచి ఒక్కొక్కటే రాలాయి. పాప వేళ్ళన్నీ లోపలికి లాక్కుని ముద్దయింది. మునీంద్ర పనికి పోవడం మానేశాడు. ఉప్పు కొలిచాడు, సరిగ్గా ఉంది. వేడి కొలిచాడు, సరిగ్గా ఉంది. పాప అంచు మాత్రం మైనంలా కరగడం మొదలైంది.

"రేయ్ కేశవా, నిజం చెప్పు. దీంట్లో ఏమన్నా ఏసినావా?"

"నేనేస్తే తిమింగలాన్నే ఏస్తా గాని..."

"నవ్వులాట కాదురా. పాప చచ్చిపోతా ఉండాది."

అతని గొంతు విని నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అది రెండోసారో మూడోసారో.

చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, ఏదో మందు చుక్కలు వేశాడు. నీళ్ళు నీలంగా మారాయి. మునీంద్ర గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"రాగి. దీంట్లో యాడో రాగి ఉండాది. పగడానికి అది విషం."

అరుగు మీద అనపకాయలు వలుస్తున్న మామ చేతులు ఆగిపోయాయి. నేను చూశాను. మునీంద్ర కూడా చూశాడు.

"నాయనా, నువ్వేమన్నా ఏసినావా?"

"గంగమ్మకిచ్చింది నోటితో చెప్పగూడదు."

"యాడ ఏసినావు నాయనా?"

"ఇంట్లోకి కొత్త నీళ్ళు వచ్చినాక కాసు ఏయకుండా ఉంటారా? మీ తాత దాచిన రాగి కాసు ఏసినాను. పై చేన్లో బోరుకు ఏయకపోతిమి, ఏమాయ? దుమ్ము లేసింది. పెరట్లో బోరుకు ఏసినాను, ఈ పొద్దుటికీ నీళ్ళిస్తా ఉండాది. ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే ఆయమ్మ ఊరుకుంటాదా? ఆవులుండాయి, మల్బరీ ఉండాది. నీ బొమ్మ సముద్రానికి నేను బోరు పోగొట్టుకోవాల్నా?"

"బోరుకేమీ కాదు నాయనా."

"నీకేం తెలుసురా!"

మునీంద్ర చేతులు మోచేతుల దాకా తొట్టిలో ముంచి పైరాయి ఎత్తాడు. ఇసుక లేచి నీళ్ళు మసకబారాయి. పాప ఇంకా ముడుచుకుంది. రాళ్ళన్నీ కదిపితే అది బతకదని అతనికీ తెలుసు, వెతక్కపోయినా బతకదని తెలుసు. అయినా రెండో రాయి పట్టుకున్నాడు.

రత్న కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మామా," అంది.

మామ అనపకాయల చాట పక్కన పెట్టి లేచాడు.

"ఆపరా. దాన్ని చంపేస్తావు."

చొక్కా విప్పి, భుజం దాకా కడుక్కుని, వెనకమూల రాళ్ళ సందులోకి చెయ్యి పోనిచ్చాడు. పెదాలు కదులుతున్నాయి. ఏం చెప్పుకున్నాడో ఆయమ్మకే తెలియాలి. ఒక రాయి కూడా కదలకుండా, పచ్చ చిలుము పట్టిన కాసు పైకి వచ్చింది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, మా ఎవరి మొహమూ చూడకుండా పెరట్లోకి నడిచాడు.

మేము పాత నీళ్ళు తోడి కొత్త ఉప్పునీళ్ళు పోయసాగాం. మిగిలిన విషాన్ని పీల్చడానికి మునీంద్ర బొగ్గు సంచి వేలాడదీశాడు. పెరట్లో మామ బోరు మోటారు వేశాడు. లోతైన బోరు, నీళ్ళు పైకి రావడానికి టైము పడుతుంది. గొట్టంలోంచి ఉత్త గాలి చప్పుడే వినిపిస్తోంది. మునీంద్ర బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రత్న కూడా. మోటారు అలా మోగుతూనే ఉంది.

మామ పంచె మోకాళ్ళ దాకా తడుపుకుని వచ్చాడు.

"వచ్చినాయి," అన్నాడు. గుమ్మం దాటి తొట్టి ముందుకొచ్చాడు. "దానికెట్లుంది?"

"సగం పోయింది నాయనా. సగం నిలబడాల."

నిలబడింది. కుళ్ళిన సగాన్ని మునీంద్ర బ్లేడుతో కోసి తీసేశాడు. మిగిలింది మెల్లగా వేళ్ళు చాచింది. కాసు ఏమైందని మామను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ ఇంటికి ఎవరు పోయినా గుమ్మంలో స్టూలు మీద మామ ఉంటాడు. గనిలోకి దిగినన్నాళ్ళూ గేటు దగ్గర ఎవరెవరో తనను తడిమి పంపారు. బంగారం బయటికి పోకూడదని అక్కడ, రాగి లోపలికి పోకూడదని ఇక్కడ. మొన్న నన్నూ ఆపాడు.

"చేతులెత్తరా."

"నేను సొంత మేనల్లుణ్ణి మామా!"

"అట్లయితే ఇంగా గట్టిగా చూడాల. ఎత్తు."