పూత రాల్చింది అక్క కాదు

మా చిన్నప్పుడు గోడకి క్యాలెండర్ ఉండేది గానీ, మా నాన్న మాత్రం పత్తిచేను చూసే రోజులు చెప్పేవాడు... "నాలుగాకులప్పుడు మీ అత్త వచ్చిపోయింది", "గూడ పడ్డాక నీకు జొరమొచ్చింది" అంటూ. గూడ అంటే పూతకు ముందొచ్చే మొగ్గ లెండి.

మాది బొల్లాపల్లి వైపు మెట్టపొలం. ఆ ఏడు చేను నిండుగా పూతకొచ్చింది... పొద్దున లేత పసుపుగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగుకి తిరిగేది. అక్కా నేనూ రోజూ చూడ్డానికి పోయేవాళ్ళం. అక్కకి పదిహేనేళ్ళు, నాకు పదకొండు.

ఒకరోజు నాన్న జొన్నచేలో గడ్డిమందు కొట్టొచ్చి, వీపున తగిలించుకునే ఆ పంపు నాకిచ్చాడు. "ఏమే చిన్నదానా, సబ్బుపెట్టి మూడుసార్లు కడుగు. రేపు దీంతోనే పత్తికి పురుగుమందు కొట్టాల" అన్నాడు. అవతల పిల్లలు తొక్కుడుబిళ్ళకు పిలుస్తున్నారు... ఒక్క చెంబు నీళ్ళు పోసి, గిలకరించి పారబోసి పరిగెత్తాను.

పురుగుమందు కొట్టి వారం తిరక్కుండానే చేను పాడయింది. ఆకులు బెండాకుల్లా చీలి సన్నబడ్డాయి... గూడా పూతా రాలి సాళ్ళ మధ్య పడ్డాయి. నాన్న చేలోనే కూలబడ్డాడు. మందుల కొట్టాయన వచ్చి చూసి, "గడ్డిమందు పంపుతోనే కొట్టావా ఏంది? అది కాస్త మిగిలున్నా పత్తి ఇట్టాగే అవుద్ది" అన్నాడు.

"మా చిన్నది సబ్బుపెట్టి కడిగిందయ్యా" అన్నాడు నాన్న, నా వైపు చూస్తూ. నేను తలూపాను.

ఇక నాయనమ్మ అక్క మీద పడింది. ముట్టు రోజుల్లో ఆడపిల్ల చేలో అడుగుపెడితే పూత రాలుతుందని ఆమె గట్టి నమ్మకం. "ఏమే, బయటుండి చేలోకి పోయినావా?" అని నిలదీసింది. పాపం, మందుకు నీళ్ళు మొయ్యడానికి మనిషి లేడని పోయింది అక్క. "పోయినా నాయనమ్మా" అంది ఏడుస్తూ. నేను గుంజ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఛీ... ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆ తర్వాత పూత మీదున్న చేలోకి అక్కను ఎవరూ రానివ్వలేదు. ఊళ్ళో ఎవరి మిరప పూత రాలినా అక్క పేరే ఎత్తేవాళ్ళు. చివరికి అక్క కూడా నమ్మేసింది...

నాన్న పోయి రెండేళ్ళు. అక్క ఇప్పుడు దాచేపల్లిలో ఉంటుంది. పోయిన నెల వెళ్తే, తను పెంచుకుంటున్న గులాబీ కుండీ పక్కింటి గోడ మీద కనపడింది. అదేంటని అడిగాను. "మొగ్గ తొడిగిందే. ఇంక నేను ముట్టుకోకూడదు" అంది మామూలుగా. పాతికేళ్ళు దాటినా అదే మాట! ఆగలేక మొత్తం చెప్పేశాను.

అక్క తిట్టలేదు. "నాన్నకు తెలుసా?" అంది. తెలీదన్నాను.

"ఆయనకైనా చెప్పుంటే బాగుండేది కదే... మంచాన పడ్డప్పుడు చూడ్డానికి పోతే కూడా, 'చేను పూత మీదుంది, అటు పోమాకమ్మా' అన్నాడు" అంది.

ఇప్పుడు ఆకు ఫొటో తీసి ఫోన్‌లో పంపితే చేనుకేమైందో చిటికెలో చెప్పేస్తున్నారు. అప్పుడు మా ఇంట్లో తెలిసిందల్లా ఆడపిల్లను అనడమే... మీ ఇళ్ళల్లోనూ ఇలా ఊరికే నింద మోసినవాళ్ళుంటే కింద రాయండి. తప్పు మీదైతే మాత్రం, ముందు వాళ్ళకు చెప్పండి.

నేను చెప్పి నెలైంది. ఆ కుండీని అక్క ఇంకా ఇవతలికి తెచ్చుకోలేదు...