ఖాళీ అని రాసిన రిజిస్టరు

డబ్బింగ్ అక్క పోయిందన్న సంగతి నాకు నీళ్ల ట్యాంకర్ దగ్గర తెలిసింది. వరసలో నా ముందు నిలబడ్డ యాదమ్మ బిందె కింద పెట్టి వెనక్కి తిరిగి, "అన్నా, నీకు ఎర్కనేనా? పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్సీలనే పోయిందంట అక్క," అన్నది. ఆ రోజు ట్యాంకర్ పదకొండింటికి వచ్చింది. ముందు రోజు తొమ్మిదింటికి, అంతకు ముందు రోజు అసలు రాలేదు. ఎప్పుడు వస్తుందో మా గల్లీకి ముందుగా ఎవరూ చెప్పరు. అక్క చివరి నాలుగేళ్లు కొట్లాడింది సరిగ్గా ఈ ఒక్క విషయం మీదే. ఆమె చావు కబురు ఆ వరసలోనే అందేసరికి నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

మీలో చాలామంది ఆమె గొంతు విన్నారు. ఇరవై ఏళ్లకు పైగా హీరోయిన్లకు, వాళ్ల తల్లులకు, ఒకటి రెండుసార్లు దేవతలకు కూడా మాట్లాడింది. పోయిన మర్నాడు ఒక టీవీలో రెండు వాక్యాలు వేశారు. ఆ రెండింటిలోనూ ఆమె ఎవరికి గొంతు ఇచ్చిందో ఆ నటి పేరే ఉంది. నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు. మా గల్లీలో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. మాకు ఆమె డబ్బింగ్ అక్క, అంతే.

ఆమెది గోదావరి వైపు. నాది షేక్‌పేట. ఫిలింనగర్ కొండ దిగువన ఆమె రెండు గదుల ఇల్లూ, నేను లెక్కలు రాసే షూటింగ్ లైట్ల గోదామూ ఎదురెదురు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా పాత పేపర్ల నుంచి, సామాను డబ్బాల మీది అక్షరాల నుంచి వచ్చింది. రోజూ జరిగింది ఒక పుస్తకంలో రాసుకుంటాను. మాట్లాడటం తక్కువ.

అక్క కూడా మధ్యాహ్నం దాకా గుసగుసగానే మాట్లాడేది. గొంతు దాచుకోవాలనేది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఎదుటివాళ్ల పెదాల వైపు చూసేది, కళ్లలోకి కాదు. మనం మాట ఆపిన చోటే ఆమె మాట అందుకునేది. ఏ కాగితం చేతికిచ్చినా పెన్సిలుతో మాటల మధ్య నిలువు గీతలు పెట్టేది. ఒక గీత ఉంటే ఊపిరి తీసుకోవాలి, రెండు గీతలుంటే ఆగాలి. కరెంటు బిల్లు వెనకాల ఉండే సూచనల మీద కూడా ఆమె గీతలు చూశాను.

రేడియో ఆలోచన యాదమ్మ వల్ల పుట్టింది. యాదమ్మ జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో పనికి పోయేది. వరసగా మూడు రోజులు ట్యాంకర్ కోసం ఆగి పనికి ఆలస్యంగా పోయింది. నాలుగో రోజు వెళ్లేసరికి అక్కడ వేరే ఆమె గిన్నెలు తోముతోంది. ఆ సాయంత్రం అక్క మా గోదాము అరుగు మీద కూర్చుని మాదాపూర్ వైపు వెలుగుతున్న అద్దాల బిల్డింగులను చూస్తూ అన్నది: "వాళ్లు గాలిలోంచి సముద్రం అవతలికి మాట్లాడేస్తున్నారు. మనం ఈ కొండ కింద ఒకరికొకరం ఒక్క ముక్క చెప్పుకోలేమా తమ్ముడూ?"

సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్న రేడియోలు సంఘాలు కూడా పెట్టుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు అంతకు చాలా ముందే చెప్పింది. ఆ మాట అక్కకు కంఠస్థం. ఆడవాళ్ల పొదుపు సంఘం పేరు మీద దరఖాస్తు పంపింది. షేక్‌పేట నుంచి బోరబండ దాకా వినబడితే చాలు. ట్యాంకర్ వేళ, రేషను బియ్యం వచ్చిన రోజు, కరెంటు పోయే గంటలు. ఇంతే ఆమె అడిగింది.

ఆర్నెల్లకు ఢిల్లీ నుంచి పిలుపు వచ్చింది. ఒక్కతే రైల్లో వెళ్లి వచ్చి, అక్కడ జరిగింది మాకు రెండు గొంతుల్లో వినిపించింది. చిన్న రేడియోలు వార్తలు చదవకూడదనీ, ట్యాంకర్ వస్తోందని చెప్పడం వార్తే అవుతుందనీ అక్కడి ఆఫీసరు అన్నాడట. వర్షం వస్తుందని చెప్పొచ్చా అని ఈమె అడిగిందట. వాతావరణం చెప్పొచ్చు అన్నాడట. "అయితే ట్యాంకర్ వచ్చిన రోజు మా గల్లీలో వర్షం పడుతుందని చెబుతాను లెండి, అన్నాను." మేమంతా నవ్వాం. ఆఫీసరు నవ్వలేదట.

ఆ తర్వాత వచ్చిన ఉత్తరం ఇంకా విచిత్రం. మా ప్రాంతంలో ఇవ్వడానికి ఫ్రీక్వెన్సీ, అంటే రేడియోలో ఒక స్టేషనుకు కేటాయించే చోటు, ఖాళీ లేదని రాశారు. వేలం పాడుకున్న పెద్ద కంపెనీలకు మాత్రం చోటు దొరికింది. అక్క తన పాత రేడియో తెచ్చి, ముల్లును జరుపుతూ రెండు స్టేషన్ల నడుమ గరగరమనే సొద తప్ప ఏమీ వినబడని ఒక చోట ఆపింది. అద్దం మీద సరిగ్గా అక్కడ ఎర్రటి గోళ్ల రంగుతో గీత గీసి రేడియో నా చేతిలో పెట్టింది.

"రోజూ మూడు పూటలా విని రాయి. నీ అంత నిక్కచ్చిగా రాసేవాడు ఆ ఢిల్లీలో కూడా ఉండడు."

అలా ఆ రిజిస్టరు మొదలైంది. ఉదయం ఖాళీ. మధ్యాహ్నం ఖాళీ. సాయంత్రం ఖాళీ. జ్వరమొచ్చిన రోజు కూడా మానలేదు. వారానికోసారి అక్క వచ్చి పేజీలు తిరగేసేది. ఎప్పుడో ఒకసారి, "నువ్వే వచ్చి మైకులో చదవాలి, చూస్తూ ఉండు," అనేది. నాతోని కాదక్కా అనేవాణ్ణి.

ఆ మధ్యలో ఒక సాయంత్రం బోరబండలో టీవీలు బాగుచేసే అతను అరచేతిలో పట్టేంత ఒక ట్రాన్స్‌మిటర్ తయారు చేసి తెచ్చాడు. పది నిమిషాలు పెట్టి చూద్దాం, ఎవరు చూస్తారులే అన్నది అక్క. లైసెన్సు లేకుండా అది తప్పని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె తన ఇంట్లో కూర్చుంది. నేను రేడియో తీసుకుని షేక్‌పేట దాకా నడిచాను. నా చుట్టూ యాదమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు. ముల్లు ఎర్ర గీత మీద ఉంది. సొద ఆగింది. మర్నాడు ట్యాంకర్ ఎనిమిదింటికి వస్తుందని అక్క గొంతు చెప్పింది. డ్రైవర్ని అడిగి తెలుసుకుందట. యాదమ్మ రేడియోకు చెవి ఆనించి, "అగో, గిది మన అక్కే," అన్నది. మర్నాడు ట్యాంకర్ ఎనిమిదింటికే వచ్చింది. ఆ ఒక్క రోజు ఎవరూ పనికి ఆలస్యం కాలేదు.

నేను ఆ సాయంత్రం కూడా రిజిస్టరులో రాశాను. ఉన్నది ఉన్నట్టు.

తర్వాత అక్క అడిగితే మొత్తం రిజిస్టరు జిరాక్సు తీయించి ఢిల్లీకి పంపాను. ఆ పేజీ తీసెయ్యాలని నాకు తోచలేదు. తోచినా తీసేవాణ్ణి కాదేమో. ఒక రోజు లేకపోతే మిగతా రోజుల్ని ఎవరు నమ్ముతారు? రెండు నెలలకు జవాబు వచ్చింది. మీ రిజిస్టరు ప్రకారమే మీరు అనుమతి లేకుండా ప్రసారం చేశారు, కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది. మరి ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉన్న సంగతో? అనధికార వ్యక్తులు రాసుకున్న రిజిస్టరును పరిగణనలోకి తీసుకోవడం కుదరదట. రెండూ ఒకే ఉత్తరంలో, ఒకే సంతకం కింద. ఏడాదిన్నర పాటు ఖాళీ అని రాసిన పేజీలేవీ పనికి రాలేదు, వినబడింది అని రాసిన ఒక్క పేజీ పనికొచ్చింది. ఇప్పటికీ ఇది తలచుకుంటే నాకు అన్నం సయించదు.

అక్క ఆ ఉత్తరాన్ని గయ్యాళి అత్త గొంతుతో చదవడం మొదలుపెట్టి సగంలో ఆపేసింది.

"నువ్వు రాసింది తప్పా తమ్ముడూ?"

"కాదక్కా. అయినదే రాసిన."

"అయితే వదిలెయ్యి. మొదటి రోజే దొంగ లెక్క రాయించిన రేడియోని యాదమ్మ నమ్ముతుందా?"

అన్నదే గాని, రిజిస్టరు తనతో తీసుకుపోయి, తర్వాత పది రోజులు మా గోదాము వైపు రాలేదు. పదకొండో రోజు కొత్త దరఖాస్తు పట్టుకుని వచ్చింది. అది ఆమె పోయిన నాటికి కూడా పరిశీలనలోనే ఉంది. ఆమె గొంతు చివరి ఏడాది బొంగురుపోయింది. డబ్బింగుకు పిలవడం మానేశారు. ఉత్తరాలు రాయడం ఆమె మానలేదు. ఆ పేజీ గురించి నేను ఒక్కసారి కూడా ఆమెతో క్షమించమని అనలేకపోయాను.

పదమూడో రోజు శ్రీనగర్ కాలనీలో ఉండే ఆమె చెల్లెలు దరఖాస్తుల, ఉత్తరాల కట్టా, రిజిస్టరూ తెచ్చి నాకిచ్చింది. గోదాములో కూర్చుని పేజీలు తిప్పాను. ఖాళీ అన్న పేజీల మీద ఏమీ లేదు. ఆ ఒక్క పేజీ మీద మాత్రం నా అక్షరాల మధ్య పెన్సిలు గీతలున్నాయి. లైసెన్సు వచ్చాక మొదట నాతో చదివించడానికి దాన్నే దాచిపెట్టుకున్నట్టుంది.

రేడియో పెట్టాను. ఎర్ర గీత దగ్గర ఇవాళ్టికీ సొదే. ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నేను గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టాను.

"సాయంత్రం ఆరు పది." ఒక గీత. ఊపిరి తీసుకున్నాను. "ఖాళీ కాదు."

బయట బిందెతో పోతున్న యాదమ్మ ఆగింది. "ఎవలతోని మాట్లాడుతున్నవే అన్నా?"

అక్కడ రెండు గీతలున్నాయి. నేను ఆగి ఉన్నాను.