లిథియం వంతు

ఆమె మా ల్యాబ్‌లో జూనియర్‌గా చేరిన రోజు నుంచీ నాకు ఆమె అంటే కడుపుమంట. దాచుకోవడమెందుకు? హన్మకొండలో మా సార్ దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లలో నేనే సీనియర్‌ని. నేనేదైనా చెబితే సార్ "చూద్దాం తియ్యమ్మా" అనేవారు. ఆమె నోరు విప్పితే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని మరీ వినేవారు. పైగా ఆమె "అక్కా, అక్కా" అంటూ నా వెంటే తిరిగేది. మనసారా తిట్టుకుందామన్నా సందివ్వని మనిషి.

లిథియం బ్యాటరీల లోపల ఉండే ద్రవం మీద మా పని. బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు ఒక కొసన ఉన్న ఎలక్ట్రోడ్‌ను వదిలి, ఆ ద్రవంలోంచి రెండో కొసకు చేరాలి. ఆ ఎండాకాలం సార్ మా ఇద్దరినీ చెరో రకం ద్రవం తయారు చేయమన్నారు. సెల్స్, అంటే చిన్న నమూనా బ్యాటరీలు, పరీక్షించే మెషీన్ ఒక్కటే ఉంది కాబట్టి, ఎవరిది బాగుంటే వాళ్ల ద్రవంతోనే సెల్స్ కడదామన్నారు. నాది పక్కన పెడితే నా థీసిస్ మళ్లీ మొదటికొస్తుంది. తొర్రూరు నుంచి మా అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా "ఇంకెన్నొద్దులు సదువుతవు బిడ్డా" అనే అడిగేది.

ద్రవంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకెను వాహకత అంటాం. ఆమె ద్రవం వాహకత నాదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. మంచి రీడింగ్ వచ్చినవాళ్లు అందరికీ ఛాయ్, ఉస్మానియా బిస్కెట్లు తేవడం మా ల్యాబ్‌లో ఆనవాయితీ. తెచ్చింది. నాకు అందరికంటే ముందు ఇచ్చింది. ఆ బిస్కెట్‌ను కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను.

కుళ్లులో ఒక మంచి గుణం ఉంది, బుర్రను నిద్రపోనివ్వదు. ద్రవంలో లిథియం లవణం కరిగితే రెండు రకాల అయాన్లు విడిపోతాయి. లిథియం చాలా చిన్నది, కానీ ఒంటరిగా కదలదు. చుట్టూ ఉన్న ద్రావణి అణువులు దాన్ని నాలుగు పక్కలా పట్టుకుంటాయి. చౌరస్తాలో అనుచరులను వెంటేసుకుని నడిచే నాయకుడిలా, ఆ గుంపునంతా ఈడ్చుకుంటూ మెల్లగా పోతుంది. దాని జోడీ అయిన రుణ అయాను ఒళ్లు పెద్దదే, కానీ దాన్ని ఎవరూ అంతగా అంటిపెట్టుకోరు. అందుకని ఎదురు దిక్కుకు హాయిగా పరుగెడుతుంది. వాహకత ఈ రెండింటి నడకనూ కలిపి చూపిస్తుంది. బ్యాటరీకి పనికొచ్చేది మాత్రం లిథియం నడకే. పెద్ద అంకె చూసి అదంతా లిథియందే అనుకోవడం మా రంగంలో కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఆమె చేసిందనుకుంటే నాకెంత సంతోషమైందో!

"అక్కా, జర నాది గూడ నువ్వొకసారి చూడరాదు" అని సీసా తనే నా చేతికిచ్చింది. రెండు లిథియం రేకుల మధ్య ఆ ద్రవం ఉంచి కాస్త వోల్టేజీ పెట్టాను. మొదట్లో రెండు రకాల అయాన్లూ కదులుతాయి, కరెంటు ఎక్కువుంటుంది. రుణ అయాన్లు ఒక పక్కకు పోగుపడ్డాక, నిలకడగా మిగిలే కరెంటు లిథియందే. ఆమె ద్రవంలో కరెంటు జారి జారి ఎక్కడో అడుగున నిలబడింది. నాదాంట్లో అంతగా జారలేదు. లెక్క తీస్తే, మొత్తం వాహకతలో ఆమెది పైన, అందులో లిథియం ఒక్కటే మోసే వంతులో నాది పైన.

మీటింగులో అందరి ముందూ చెప్పాను. గొంతులో ఉత్సాహం కొంచెం ఎక్కువే పలికినట్టుంది. సార్ నవ్వారు.

"ఏందమ్మా, చెల్లె రీడింగ్ జూసి కడుపు మండుతాందా?"

అందరూ నవ్వారు. మండుతున్న మాట నిజమే మరి. కానీ నా లెక్క కూడా నిజమే. ఆ రెండోది ఎవరికీ పట్టలేదు. సార్ ఆమె ద్రవంతోనే సెల్స్ మొదలుపెడదామని అనబోతుండగా ఆమె లేచింది.

"సార్, అక్క చెప్పింది కరెక్టే. నిన్న నేను గూడ కొలిచిన. నాదాంట్ల లిథియం సరిగ పోతలేదు. అక్కదే పెట్టుండ్రి."

సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అట్లనా? అయితే పెడదాం" అన్నారు. అంతే. నేను గ్రాఫులు చూపించి చెప్పిన మాట, ఆమె ఒట్టి చేతులతో చెప్పగానే చెల్లిపోయింది. నా థీసిస్ నిలబడింది. నాకు సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది.

బయట వరండాలో "నీది పోయింది గదా, నీకేం అనిపిస్తలేదా?" అని అడిగాను.

"ఏమనిపిస్తదక్కా? నీది మంచిగుంది. ఫికర్ వడకు, సెల్స్ కట్టేటప్పుడు నేనొచ్చి సాయం చేస్త" అంది.

ముఖంలోకి తేరిపార చూశాను. మాటకోసం అనడం లేదు. నా మీద ఆమెకు ఇసుమంతైనా కుళ్లు లేదు. అంతకుముందు ఆమె రీడింగుకు మాత్రమే ఏడ్చాను. ఇప్పుడు ఆమె అలా ఉండగలిగినందుకు ఏడుస్తున్నాను.