అన్న ఒప్పుకున్న బొమ్మ

మా అన్నది చిక్కడపల్లిలో టీవీ రిపేరు దుకాణం. ఇప్పుడు బోర్డు మీద చార్జర్లు, రిమోట్లు అని రాసి ఉంటుంది గానీ, డబ్బా టీవీల కాలంలో నారాయణగూడ నుంచి కూడా జనం టీవీని ఆటోలో ఎక్కించుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. తెర ముందు కుర్చీలో అద్దం ఆనించి, తాను టీవీ వెనక కూర్చుని, ఆ అద్దంలో బొమ్మ చూసుకుంటూ ఫోకస్ స్క్రూ తిప్పేవాడు. ఒక వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆయన కన్ను ఒప్పుకునేది కాదు. ఏది పాడైనా బాగు చేసేవాడు గానీ పిక్చర్ ట్యూబ్ పోతే మాత్రం మూత బిగించేసి, "ట్యూబ్ పోయింది సార్, ఇగ మనం చేసేదేం లేదు" అని తిప్పి పంపేవాడు. ఆ కన్ను మీద ఆయనకు పొగరు ఉండేది. ఆయన తరఫున నాకు ఇంకాస్త ఎక్కువే ఉండేది.

నలభై దాటాక నాకు పాత వీడియో గేముల పిచ్చి పట్టింది. మేమిద్దరం ఆడుకున్న ట్యాంకుల ఆట ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం పుణ్యమా అని లాప్‌టాప్‌లో మళ్లీ నడుస్తోంది. ఆట అదే, బొమ్మ మాత్రం అది కాదు. కొత్త తెర మీద ప్రతి చుక్కా నాపరాయి ముక్కలా నలుచదరంగా, పదునుగా కనిపిస్తుంది. దానికి విరుగుడు షేడర్లు. అంటే బొమ్మకు పాత టీవీ గీతలు, మసక, రంగుల మెరుపు పూసే చిన్న చిన్న ప్రోగ్రాములు. అవి వందల కొద్దీ ఉన్నాయి. మా అశోక్ నగర్‌లో పిల్లలు గ్రూప్స్ పరీక్షలకు చదివినట్టు నేను వాటి సెట్టింగులు చదివాను. ఏది సరైనదో తేలలేదు. తేల్చగల మనిషి ఇంట్లోనే ఉండగా నాకెందుకీ తిప్పలు అనిపించి, ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని అన్న దుకాణానికి వెళ్లాను.

"ఏందిరా ఇది, పొగ పట్టినట్టుంది" అన్నాడు చూడగానే.

మసక తగ్గించాను.

"గీతలేవి మరి?"

"ఉన్నయన్నా."

"ఏడున్నయ్‌రా? మన టీవీల దగ్గరికి పోతే మంచిగ కనబడుతుండె."

గీతలు లావు చేశాను. నాకైతే కిటికీ ఊచల వెనక నుంచి చూస్తున్నట్టుంది. ఆయన మాత్రం తల పక్కకు వంచి చూసి, "గుడ్డికన్నా మెల్ల నయం, తియ్. ఇంకోటి పెట్టు" అన్నాడు. ఆ మరుసటి ఆదివారమూ అంతే. ఇరవై షేడర్లు చూపించాను, ఒక్కటీ నచ్చలేదు. నాకు ఒళ్లు మండింది. "నీకు ఏది చూపించినా వంకలేనా" అని విసురుగా లేచి వచ్చేశాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తిరిగేసరికి కోపం చల్లారి మళ్లీ వెళ్లాను. ఆ రోజు ప్రోగ్రాం ఏదో అప్‌డేట్ అయి, షేడర్ ఎక్కకుండానే ఆట తెరుచుకుంది. అవే పదునైన నాపరాళ్లు. ఆపబోతుంటే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. ఇదేరా. మన టీవీ బొమ్మ ఇదే. ఏం జేసినవ్?"

ఏమీ చేయలేదని చెప్పబోయి ఆగిపోయాను. నా కళ్లకు రాళ్లలా గుచ్చుకుంటున్న ఆ చదరాలు ఆయనకు కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తున్నాయి. నేను వారాల తరబడి వెతికిన మసక ఆయన కంట్లోనే ఉంది. నాకు భయం వేసింది.

"ఫోకస్ పెంచిన్నన్నా" అన్నాను.

"గది. దుకాణం చిన్నగయింది గానీ నా కన్ను చిన్నగ కాలే" అన్నాడు.

నా కళ్లజోడు మార్చాలని అబద్ధం చెప్పి, మర్నాడు నారాయణగూడలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ముందు ఆయన్నే కూర్చోబెట్టాను. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిందన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం అన్నారు. అన్న వినీ విననట్టు గోడ మీది అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

బయటికి వచ్చాక అడిగాను, ఎప్పటి నుంచి అని.

"రెండేండ్లయితుంది. చేతి అంచనా మీద సోల్డర్ పెడుతున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తవ్‌రా? కొత్త ట్యూబ్ ఏస్తవా?"

నారాయణగూడ చౌరస్తా దాటేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను, పట్టుకోలేకపోయాను. పట్టుకుంటే ఆయన చూపు సంగతి నడిరోడ్డు మీద పెట్టినట్టవుతుందనిపించింది.

ఇప్పుడు కంట్లో సూదులు వేస్తున్నారు. ఆదివారాలు మాత్రం నేను మానలేదు. షేడర్లన్నీ తీసేసి, ఉత్త బొమ్మే పెడుతున్నాను. మొన్న ఆయన ఆడుతుండగా ఎడమ మూల నుంచి శత్రువు ట్యాంకు దిగింది. ఆయన కుడివైపే గురి పెట్టుకుని ఉన్నాడు.

"ఎడమకన్నా" అన్నాను.

"నాక్కనబడుతుందిరా" అన్నాడు.

ఆయన ట్యాంకు అప్పటికే పేలిపోయింది. ఆయన ఇంకా బటన్ నొక్కుతూనే ఉన్నాడు.