కేథడ్రల్‌లో కోడికూత

రొట్టెల ఓబ్దూలియా తాగేసి కేథడ్రల్‌లో కోడిలా కూసిందని స్పెయిన్‌లోని మా సాంతో దొమింగో ఊరి వీధుల్లో ఒకటే గోల. తాగిందన్నది మాత్రం పచ్చి అబద్ధం.

ఆవిడ కొవ్వొత్తి వెలిగించడానికి వెళ్ళింది. లోపల గోడమీది గూటిలో తెల్లకోళ్ళ జంట ఉంటుంది కదా, ఆ పుంజు కూత చెవిన పడ్డ యాత్రికులకు మేలు జరుగుతుందని నమ్మకం. ఫ్రాన్స్ నుంచి నడిచొచ్చిన పిల్లొకతె, కాళ్ళనిండా బొబ్బలతో, గూటి కిందే నిలబడి ఉంది.

"రేపు మా అమ్మకి ఆపరేషన్, అవ్వా. పొద్దుట్నుంచీ ఇది నోరు విప్పదే!" అంది ఏడుపుగొంతుతో.

"మా ఆయన కూడా అంతేనమ్మా, అవసరానికి పలకడు" అంటూ ఓబ్దూలియా స్తంభం వెనక్కి నడిచింది.

ఇంటికెళ్ళే బస్సు వేళైందని పిల్ల సంచి భుజానికెత్తుకుంది. అంతలో కూత! ఆ వెంటనే ఇంకొకటి! రాతికప్పు దద్దరిల్లింది. పిల్ల గంతులేసి, ఓబ్దూలియాను వెతికి పట్టుకుని, రెండు బుగ్గలూ ముద్దాడి, నవ్వుతూ పరుగెత్తింది.

సాయంత్రం పక్కింటి బెనీతా ఇక ఆగలేక అడిగేసింది. "నిజం చెప్పవే, కూసింది నువ్వా, పుంజా?"

"మొదటిది నేనేనే. అది విని పుంజుకి రోషమొచ్చింది చూడు, రెండోది దానిదే!"