సముద్రం చూసే వంతు

నా భార్య పోయాక వచ్చిన మొదటి వేసవి సెలవుల్లో జగ్గయ్యపేట నుంచి బెజవాడ బస్సులో ఒక్కణ్ణే వెళ్తున్నాను. పక్కన కూర్చున్న నడివయసు రైతు, తను బందరు సముద్రం చూడటానికి వెళ్తున్నానని నేనడక్కుండానే చెప్పాడు. నందిగామలో చుట్టాల మిర్చి లారీ ఉందట, అక్కణ్ణుంచి ఛార్జీ ఉండదట.

"ఇద్దరం కలిసెళ్తే ఖర్చెక్కువండి. అందుకని వంతులేసుకున్నాం. పోయినేడు మా ఆడది చూసొచ్చింది. ఈ ఏడు నేను."

"ఒక్కరే చూస్తే ఏం బాగుంటుందండి?" అన్నాను.

అతను నవ్వాడు. "ఒక్కణ్ణే ఎట్టా చూస్తానండీ? ఎక్కడ కూర్చోవాలో, ఎందాకా దిగాలో అన్నీ చెప్పి పంపింది. ఏదన్నా చూడకుండా వచ్చానంటే, మళ్లీ నా వంతొచ్చినప్పుడు కూడా తనే వెళ్తానంటది."

మళ్లీ అతనే అడిగాడు. "తమరొక్కరే బయల్దేరారే? ఇంటావిడ రాలేదా?"

రెండు నెలలుగా ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెబుతూ వస్తున్నాను. ఆ రోజు చెప్పలేకపోయాను.

"ఈ ఏడు నా వంతండి," అన్నాను.

అతని మొహం వెలిగింది. "మీదీ మా పద్ధతేనన్నమాట! అయితే బాగా చూడండి బాబూ. ఇంటికెళ్లాక వదలరు, అన్నీ అడుగుతారు."

నందిగామలో దిగి, లారీ వెళ్లిపోతుందేమోనని పరుగెత్తాడు. నేను కిటికీ పక్కకు జరిగాను. కీసర దగ్గర మున్నేరు ఎండిపోయి ఉంది. ఇసుకలో చెలమలు తోడుతున్న ఆడవాళ్లను, ఒడ్డున కట్టేసిన గేదెలను, బెజవాడ వచ్చేదాకా దారిలో ప్రతిదాన్నీ జాగ్రత్తగా చూశాను.