ఆగని బస్సుకు పర్మిషన్ ఫారం

ముందే చెప్తున్నాను, ఇందులో నా పరువు పోతుంది. కాస్తో కూస్తో కాదు. ఒక ఊరి ఆడవాళ్లందరి ముందు, ఒక డిపో మేనేజరు ముందు, గోడ వారగా పేర్చిన కొత్తిమీర గంపల ముందు నిలువునా పోతుంది. నా పరువు ఒక్కటే అయితే పర్వాలేదు, నాతో పాటు ఆ ఊరి బస్సు స్టాపు కూడా పోవాల్సింది. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నా చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నా స్నేహితులంతా అమీర్‌పేటలో జావా నేర్చుకుని విమానాల గురించి మాట్లాడుతుంటే, నేను సమాజాన్ని మార్చే పనిలో చేరాను. మీవాడు ఏం చేస్తున్నాడని చుట్టాలు అడిగితే మా అమ్మ టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను చేరిన స్వచ్ఛంద సంస్థ నన్ను ఒక శిక్షణకు పంపింది. ఊరి కష్టాన్ని బయటివాడు వచ్చి ఫోటో తీసుకుపోకూడదు, కెమెరా ఊరివాళ్ల చేతికే ఇవ్వాలి, వాళ్లు తీసిన ఫోటోలను వాళ్లే అధికారుల ముందు పెట్టి మాట్లాడాలి. ఇదీ అక్కడ చెప్పింది. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. వంకంతా విన్న బుర్రలోనే ఉంది.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డు మీదే ఒక ఊరు ఉంటుంది. పేరు చెప్పను, ఇప్పటికీ ఆ దారిన తిరగాల్సినవాణ్ణి. ఆ ఊరి ఆడవాళ్లు పొద్దున్నే కొత్తిమీర, పాలకూర, గులాబీలు గంపలకెత్తి మెహదీపట్నం రైతుబజారుకు తీసుకెళ్లేవారు. స్టాపు ఉంది, బోర్డు ఉంది, బస్సు కూడా వస్తుంది. ఆగదంతే. అటువైపు సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫామ్‌హౌసులు లేచి రోడ్డు నిండా కార్లు పెరిగాయి, బస్సు నిండా ఉద్యోగస్తులు పెరిగారు, తడిగంపలు ఎక్కితే ప్యాంట్లు పాడవుతాయని గొడవలూ పెరిగాయి. డ్రైవరు స్టాపు దగ్గరకు రాగానే రోడ్డుకు అటువైపేదో చూడాల్సినది ఉన్నట్టు తల తిప్పుకుని పోయేవాడు. తరవాతి బస్సు వచ్చేసరికి ఎండ ఎక్కి కొత్తిమీర తల వాల్చేది. వాలిపోయిన కట్టను ఎవరు కొంటారు?

నేను యాదమ్మక్కను వెంటబెట్టుకుని డిపోకు వెళ్లాను. ఆమె కొత్తిమీర పండిస్తుంది, గట్టిగా మాట్లాడుతుంది, ఎవరికీ భయపడదు. మేనేజరు అంతా విని కళ్లజోడు తీశాడు.

"మీరేమో ఆగుతలేదంటున్నరు, డ్రైవరేమో ఆపుతున్న అంటున్నడు. ఎవరిని నమ్మాలె? ఆధారం చూపెట్టుండ్రి, నేనే వచ్చి చూస్త. లేకుంటే ఆ స్టాపు బోర్డు పీకేయిస్త. ఊరూరికి ఆపుకుంట పోతె టైం ఎట్ల కలుస్తది?"

"రెండు వారాలల్ల చూపెడతం సార్," అన్నాను ఛాతీ విరుచుకుని. యాదమ్మక్క నా వైపు అనుమానంగా చూసింది.

"బోర్డు పీకుతా అంటున్నడు సారూ. ఉన్నది గూడ పోతదేమో?"

"నీకెందుకక్కా ఫికర్, నేనున్న గద!"

ఈ మాట అన్నవాణ్ణి అక్కడికక్కడే ఒక రూములో పెట్టి తాళం వేయాలని ఇప్పుడు నా అభిప్రాయం.

రెండు రీలు కెమెరాలు తెచ్చి మూడు రోజులు పాఠం చెప్పాను. మీట ఎక్కడ నొక్కాలో పది నిమిషాల్లో నేర్చేసుకున్నారు. మిగతా సమయమంతా నేను నీతి బోధించాను. "మనిషిని అడగకుండ ఫోటో తియ్యొద్దు. వాళ్లు సరే అనాలె. సరే అన్నట్టు సంతకం పెట్టాలె. ఫారం లేకుంటే ఫోటో లేదు!" శిక్షణలో ఇచ్చిన ఇంగ్లీషు ఫారాన్ని నేనే తెలుగులోకి మార్చి జిరాక్సు తీయించాను. పేరు, చోటు, సమయం, ఫోటో తీసినప్పుడు ఏం చేస్తున్నారు, సంతకం. పదో తరగతి చదివిన గులాబీల సుజాత చేతికి ఆ కట్ట అప్పజెప్పాను. అందరితో మూడుసార్లు చెప్పించాను కూడా, ఎక్కాలు అప్పజెప్పించినట్టు.

తరవాత ఊరి వైపు వెళ్లలేదు. నేనుంటే వాళ్ల చూపు చెడిపోతుందట, అదీ నేర్చుకొచ్చిన ముక్కే. కిరాణా కొట్టు ఫోనుకు మాత్రం రోజూ చేసేవాణ్ణి.

"ఫోటోలు తీస్తున్నరా సుజాతా?"

"తీస్తున్నం సార్."

"పర్మిషన్ అడుగుతున్నరా?"

"అడగకుంట ఒక్కటి గూడ తియ్యలే సార్. ఫారాలన్ని నింపిన."

"బస్సు?"

"దాని ఫోటోలే సార్ అన్ని."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సమాజం మారుతోంది! బస్సు ఆగుతోందా అని ఒక్క మాట అడగొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మీకు అనిపించింది, నాకు అనిపించలేదు.

ఇంకో తెలివి కూడా చూపించాను. సుజాత రైతుబజారుకు తెచ్చిచ్చిన రీళ్లు కడగడానికి మెహదీపట్నం స్టూడియోలో ఇచ్చి, మేనేజరు ఊరికి వచ్చే మీటింగు రోజు పొద్దున్నే కవర్లు తీసుకున్నాను కానీ విప్పలేదు. అధికారి ముందే, తీసినవాళ్లే విప్పాలి, అప్పుడే ఎవరూ వేలెత్తి చూపలేరు అనుకున్నాను. ఇది మాత్రం శిక్షణలో చెప్పలేదు, పూర్తిగా నా సొంతం. అయితే ఊరికి వెళ్లే బస్సులో కూర్చోగానే అనుమానాలు మొదలయ్యాయి. రీలు మాడిపోయి ఉంటే? వేళ్లు అడ్డం పడి ఉంటే? మేనేజరు రాకపోతే? కవరును పదిసార్లు ఎండకు ఎత్తి చూశాను. పక్కన కూర్చున్న పెద్దాయన జాలిగా అడిగాడు, "దవాఖాన ఎక్స్‌రేనా బిడ్డా?"

మేనేజరు రాకపోవడం కాదు, నాకన్నా ముందే వచ్చి పంచాయితీ ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. ఆడవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. ఫోటోలు తగిలించడానికి నేను తాడు కట్టాను. సుజాత కవరు విప్పి మొదటి ఫోటో తగిలించింది.

బస్సు. చక్కగా, స్టాపు బోర్డు పక్కనే ఆగి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఒకటే కదా, పొరపాటున వచ్చి ఉంటుందనుకున్నాను. రెండో దాంట్లో కండక్టరు యాదమ్మక్క గంపను స్వయంగా పైకి అందుకుంటున్నాడు. మూడో దాంట్లో డ్రైవరు తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. నాలుగో దాంట్లో జేబుకు గులాబీ. తాడు నిండుతున్నకొద్దీ నా నోరు ఎండుతోంది. మేనేజరు మొహం మాత్రం అంతకంతకూ వెలిగిపోతోంది.

"మా మల్లేశే గద! వీడు నవ్వుతడని నాకే తెల్వదు," అంటూ ఫారాల కట్ట అందుకుని పైకి చదివాడు. "'సమయం ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఏం చేస్తున్నారు? బస్సు ఆపి గంపలు ఎక్కించుకుంటున్నాను.' కింద సంతకం! ఇగో, ఇంకోటి. ఇగో, ఇంకోటి. ఏమయ్యా, నా డ్రైవరు మీద ఫిర్యాదా ఇది, సన్మానమా?"

నేను సుజాతను పక్కకు లాగాను. "ఆగకుండ పోయే బస్సు ఫోటో ఏది?"

"ఆగకుండ పోతే పర్మిషన్ ఎట్ల అడుగుతం సార్?" అంది సుజాత, నాకేమైనా అయిందా అన్నట్టు చూస్తూ. "మొదటి రోజు పోనే పోయిండు. ఫారం పట్టుకొని ఎన్క ఉరికిన. ఎవరిదో సామాను కిందనే ఉండిపోయిందనుకొని కండక్టరు బెల్లు కొట్టిండు. ఫోటో అనంగనే డ్రైవరన్న బస్సు ఎనకకు తెచ్చి ఆపిండు, దువ్వుకునే దాంక ఆగమన్నడు. రెండో రోజు సంది కెమెరా కనిపిస్తే చాలు, తనే ఆపుతున్నడు. అడగకుంట తియ్యొద్దని నువ్వే చెప్పినవ్ గద."

చెప్పాను. మూడుసార్లు చెప్పించాను. ఎవరి కష్టానికి సాక్ష్యం తెస్తానన్నానో వాళ్ల స్టాపును పీకించడానికి సాక్ష్యం తెచ్చాను, అదీ సంతకాలతో. రేపటి నుంచి ఈ ఆడవాళ్లు గంపలెత్తుకుని ఎక్కడ నిలబడతారు? నిజంగా ఏడుపొచ్చింది.

మేనేజరు లేచాడు. "బాగున్నది. తప్పుడు ఫిర్యాదు. చెప్పిన మాట ప్రకారం ఆ బోర్డు..."

"కూసోండ్రి సారూ," అంది యాదమ్మక్క. ఎందుకో ఆయన కూర్చున్నాడు.

"ఫోటోలల్ల ఉన్నది అబద్ధం గాదు. ఆపిండు. మనిషిని చూసి ఆపలే, కెమెరాను చూసి ఆపిండు. రెండేండ్ల సంది చేతులెత్తుతున్నం, మేం ఆయనకు కనవడలే. గీ సారు రేపు కెమెరా తీస్కపోతడు. ఎల్లుండి సంది మా కొత్తిమీర ఏం గావాలె?"

మేనేజరు తాడు మీది ఫోటోలను మళ్లీ మొదటి నుంచి చూశాడు, ఈసారి నవ్వకుండా.

"కెమెరా లేకున్నా ఆపుతడమ్మా. నేను చెప్త."

"నిజంగ చెప్తరా? అయితె జర గట్లనే ఉండుండ్రి, మీదొక ఫోటో తీస్తం. తియ్యొచ్చునా?"

"తియ్యి, దానికేముంది."

సుజాత అప్పటికే ఫారం, పెన్ను ఆయన ముందు పెట్టేసింది. ఆయన పేరు రాశాడు, చోటు రాశాడు, సమయం రాశాడు, ఆగాడు. "ఏం చేస్తున్నారు అని ఉన్నది. ఏం రాయాలె?"

"మీరు ఇప్పుడన్నదే రాయిండ్రి సారూ," అంది యాదమ్మక్క. "రేపటి సంది బస్సు ఆపిస్తా అని మాటిస్తున్న, అని."

ఇరవై మంది ఆడవాళ్లు ఆయన పెన్ను వైపే చూస్తున్నారు. ఆయన ఒకసారి నా వైపు చూశాడు, నేనేదో పెద్ద ఎత్తు వేసి ఇరికించానన్నట్టు. నాకంత తెలివి లేదని చెప్పే ధైర్యం రాలేదు. రాసి సంతకం పెట్టాడు. యాదమ్మక్క మీట నొక్కింది.

మర్నాటి నుంచి బస్సు ఆగింది. నేను మళ్లీ వెళ్లి కళ్లారా చూసి వచ్చాను.

ఆ రోజు మేనేజరు జీపు కదలగానే మాత్రం, నాకు ప్రాణం లేచివచ్చిన సంబరంలో రెండో కెమెరా అందుకుని యాదమ్మక్కను టక్కున ఒక ఫోటో తీశాను. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అడిగినవా సారూ?"

సుజాత నవ్వకుండా ఫారం తీసింది. పేరు, చోటు, సమయం నింపి, "ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?" అని అడిగింది.

"రాయి," అంది యాదమ్మక్క. "మా సారు ఇజ్జత్ కాపాడుతున్న."

ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, నిండు మనసుతో, ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఎన్ని విషయాలైనా అడుగుతాను గానీ, బస్సు ఆగిందా లేదా అన్నది మాత్రం అన్నిటికన్నా ముందు అడుగుతాను.